వడగళ్ల కాపరి

నోవీసాద్,
ఫిబ్రవరి మొదటి ఆదివారం

తమ్ముడు మిలిసావ్‌కు,

నిన్న ఫోన్లో నేను అరిచిన అరుపులకు పక్కింటావిడ వచ్చి తలుపు కొట్టింది. నువ్వు మాత్రం "ఆ, ఆ" అంటూనే ఉన్నావు. ఇన్నేళ్ళుగా ఊరి మీద వడగళ్లు పడకుండా మేఘాల మీదికి రాకెట్లు పేల్చి పేల్చి చెవులు పోగొట్టుకున్నవాడితో ఫోన్లో మాట్లాడడం ఇక నా వల్ల కాదు. ఉత్తరాలు రాస్తాను. చదివానని అబద్ధమాడకుండా జవాబు రాయి.

పొద్దున లేస్తే ఊళ్ళవాళ్ళ తోటలకు పదేళ్ళ లెక్కలు వేసిపెట్టడం నా ఉద్యోగం. సొంత తమ్ముడి తోటను మాత్రం దేవుడికి వదిలేశాను. అది తప్పని ఈ చలికాలంలో తెలిసొచ్చింది. అందుకే నీ కోసం ఒక పట్టిక తయారుచేసి దీనితో పంపుతున్నాను. ఒక వరసలో ఏం జరగొచ్చో రాశాను. పక్కన అది జరిగితే ఎంత పోతుందో, ఆ పక్కన తేరుకోవడానికి ఎన్నేళ్ళు పడుతుందో రాశాను.

పట్టిక చూస్తే నీకే అర్థమవుతుంది. పై తోటా కింది తోటా రెండూ రాస్ప్‌బెర్రీయే. ఒకే పంట, ఒకే కోల్డ్ స్టోరేజీ, ఒకే నడుము. పళ్ళన్నీ తీసుకున్నాక ఎప్పటికో గానీ ధర చెప్పని ఆ స్టోరేజీ ఆసామి చేతిలో ఏడాది రాబడంతా పెడుతున్నావు. కింది తోటలో ఒక పక్క ప్లమ్ చెట్లు వెయ్యి. నీ నడుముకు కూడా ఒక గడి ఇచ్చాను, నవ్వకు. ఇంట్లో ఉన్న యంత్రాలన్నిటికన్నా ఖరీదైనది అదే.

అన్నిటికన్నా ముందు వడగళ్ల బీమా. మంచు కరిగేలోపు చేయించు. వడగళ్లు కొడితే ఈ ఏడు పండే పళ్ళే కాదు, వచ్చే ఏడు కాయాల్సిన లేత కొమ్మలు కూడా చితికిపోతాయి. రెండేళ్ళ దెబ్బ. ఆ గడిని ఎర్ర పెన్సిలుతో దిద్దాను. రాకెట్లున్నాయి కదా అనకు. ఆ రాకెట్ల సంగతి నాకన్నా నీకే బాగా తెలుసు.

విదాకు నా ముద్దులు. నా మరదలు తెలివైనది కాబట్టి పట్టిక ఆమెకే ఇవ్వు.

మీ అక్క
జాగోర్కా

*

లూగ్,
ఫిబ్రవరి చివర

అక్కా,

నీ పట్టికను విదా పొయ్యి పక్క గోడకు అంటించింది. రోజూ సూప్ కలుపుతూ చదువుతుంది. నా నడుము గడి దగ్గరికి రాగానే నన్ను చూసి, "ఇదిగో, ఇంట్లో ఖరీదైన యంత్రం! కట్టెలు తెచ్చిపెట్టు" అంటుంది. నీ చదువు నా కొంపకు ఇలా చుట్టుకుంది.

ప్లమ్ మొక్కలు కావాలని నర్సరీలో చెప్పి వచ్చాను. కింది తోటలో ఆఖరి మూడు వరసలు తీసేస్తాను. ఆ వరసలు నాన్న నాటినవి, తీయబోతే చేతులు రాలేదు, అయినా తీస్తాను.

ఊళ్ళో కబుర్లంటే, పోయిన శనివారం బీమా ఏజెంటు వచ్చి, ఊరంతా తాగడానికి చేరే కఫానాలో బల్ల మీద కాగితాలు పరిచాడు. అందరూ గ్లాసులు పక్కకు జరిపి చూస్తున్నారు. మన ఓబ్రాద్ సంగతి నీకు తెలుసుగా, ఊరుకోడు. "మిలిసావ్ గాడు సంతకం పెడితే నాకు చెప్పండ్రా, ఆ రోజే నా తోట పీకేసి బంగాళాదుంపలేస్తా. రాకెట్లవాడికే తన రాకెట్ల మీద నమ్మకం లేకపోతే మనకింక దిక్కెవరు?" అన్నాడు. కఫానా అంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను.

మన పక్క తోట స్తానా పిన్ని కూడా ఏదో అడిగింది. ఏదో చెప్పి పంపాను. పాపం, ఆవిడకు మొగుడు పోయాక అన్నీ నన్నే అడగడం అలవాటైపోయింది.

బీమా గురించి నువ్వేం బెంగపెట్టుకోకు. నువ్వు చెప్పాక చెయ్యకుండా ఉంటానా?

నీ తమ్ముడు
మిలిసావ్

*

నోవీసాద్,
ఏప్రిల్

మిలిసావ్‌కు,

నా తమ్ముడు బంగారం! చిన్నప్పుడు బావి గిలకకు నిన్ను వేలాడదీసినందుకు ఇప్పుడు క్షమాపణ చెప్పుకుంటున్నాను.

ఎందుకంటావా? ఈ నెలంతా ఊరూరూ తిరిగి రైతు సభల్లో మాట్లాడుతున్నాను. వడగళ్ల బీమా మాట ఎత్తగానే అందరూ కిటికీల్లోంచి బయటికి చూస్తారు. డబ్బు కట్టాలంటే ఎవరికైనా బాధే, అందులోనూ రాకపోవచ్చుననుకునే ఆపద కోసం. పోయిన వారం ఒక సభలో నాకు చిర్రెత్తుకొచ్చింది. "వడగళ్ల మేఘాల మీద రాకెట్లు పేల్చేది నా సొంత తమ్ముడు. ఆ రాకెట్లు వాడి చేతుల్లోనే ఉంటాయి. వాడే బీమా చేయించాడు. మీకేం వచ్చింది?" అన్నాను.

నువ్వు చూసి ఉండాల్సింది. కిటికీల్లోంచి చూస్తున్నవాళ్ళంతా నా వైపు తిరిగారు. వెనక వరసలో ఒకాయన టోపీ తీసి తల గోక్కుని, "రాకెట్లోడే చేయించాడా? అయితే ఎక్కడ సంతకం పెట్టాలో చెప్పమ్మా" అన్నాడు. ఆ రోజు నుంచి ప్రతి సభలోనూ అదే మాట చెబుతున్నాను. పదేళ్ళ లెక్కలు, పట్టికలు చెయ్యలేని పని ఆ ఒక్క మాట చేస్తోంది. నువ్వు ఇక్కడ ఎంత పేరున్నవాడివో నీకు తెలియదు.

నీ బీమా కాగితం నకలు పంపు. కట్టిన దాంట్లో కొంత ప్రభుత్వం తిరిగిస్తుంది కదా, ఆ దరఖాస్తు నేనే నింపుతాను. నీ దస్తూరితో నువ్వు నింపితే వాళ్ళు ఇంకెవరికో పంపిస్తారు.

జాగోర్కా

*

లూగ్,
మే, సెయింట్ జార్జి పండుగ మర్నాడు

అక్కా,

కొమ్మలు నిండా పూత. తేనెటీగలు చెవుల్లో రొద చేస్తున్నా నాకు వినపడక పని హాయిగా సాగుతోంది. నిన్న రాకెట్లు వచ్చాయి. ఎప్పటికన్నా తక్కువే, అయినా గుడిసెలో సర్ది పెట్టాను. ఎప్పుడు పేల్చాలో రేడియోలో రాడార్ వాళ్ళు చెప్పే మాట విదా కూడా వింటుంది, నాకు సైగ చేస్తుంది. దాని గురించి నువ్వు భయపడకు.

కాగితం విదా ఎక్కడో జాగ్రత్తగా పెట్టింది. దొరకగానే పంపుతాను. సభల్లో నా గురించి మరీ ఎక్కువ చెప్పకు. మనుషులు ఏమనుకుంటారో.

మిలిసావ్

*

లూగ్,
జూన్

అక్కా,

నిన్న మధ్యాహ్నం వడగళ్లు పడ్డాయి.

పళ్ళు కోయడం అప్పుడే మొదలైంది. కోతకు వచ్చిన ఆడవాళ్ళు గట్టు మీద కూర్చుని రొట్టె తింటున్నారు. కొండ వెనకనుంచి మేఘం వచ్చింది. దాని అడుగు తెల్లగా ఉంది. అలాంటి తెలుపును నేను ఒకటి రెండుసార్లే చూశాను. రేడియోలో మాట రాగానే విదా చెయ్యెత్తింది. గుడిసెలో ఉన్న రాకెట్లన్నీ పేల్చాను. ఆఖరిది పోయాక చేతులు ఊరికే వేలాడుతున్నాయి. ఇంకా ఏదో పేల్చాలన్నట్టు ఆ ఖాళీ గొట్టాల చుట్టూ తిరిగాను.

అక్రోటు కాయలంత పడ్డాయి. సూప్ గిన్నె చల్లారేంతసేపు కూడా పడలేదు. ఆగాక బయటికి వస్తే ఊరంతా జామ్ కాస్తున్న వాసన. ఎండలో చితికిన పళ్ళు. విదా తోటలోకి వెళ్ళకుండానే వెనక్కి వచ్చేసి, పట్టిక ముందు నుంచుని చూస్తూ ఉండిపోయింది.

సాయంత్రం స్తానా పిన్ని వచ్చింది. రాకెట్లవాడికి సీజను అయిపోయాక ఇంటికొక సీసా రాకియా సారా ఇవ్వడం మన ఊరి ఆనవాయితీ కదా. ఆవిడ నిన్ననే తెచ్చేసింది. ప్లమ్ పళ్ళతో మొగుడి చేత్తో కాచినది, ఇంట్లో మిగిలిన ఆఖరి సీసా అట. "తీసుకోరా నాయనా. నీ చేతనైనంత నువ్వు చేశావు. చూశాను, పిచ్చోడిలా పరిగెత్తావు. సీజను ఆఖరుకి నేనుంటానో, తోట అమ్ముకుని కూతురి దగ్గరికి పోతానో, అందుకే ఇప్పుడే ఇస్తున్నా" అంది.

అక్కా, ఆవిడ మొహంలోకి చూడలేకపోయాను. సీసా మాత్రం తీసుకున్నాను. బీమా సంగతి తర్వాత రాస్తాను.

మిలిసావ్

*

నోవీసాద్,
జూన్, ఉత్తరం అందిన రోజే

మిలిసావ్,

ముందు కూర్చో. ఊపిరి పీల్చుకో. మనుషులెవరికీ ఏమీ కాలేదు కదా, అది చాలు.

ఇప్పుడు నేను చెప్పినట్టు చెయ్యి. ఒక్క కొమ్మ కూడా కత్తిరించొద్దు. నేల మీద పడ్డ పళ్ళు ఊడ్చొద్దు. ఈ రోజే బీమా వాళ్ళకు కబురు పెట్టు, ఆలస్యమైతే లేనిపోని పేచీలు పెడతారు. అంచనా వేసేవాడు వచ్చినప్పుడు పక్కనే నడువు, లేత కొమ్మలకు తగిలిన దెబ్బలు కూడా చూపించు, వాళ్ళు పళ్ళనే లెక్కపెట్టి వెళ్ళిపోతారు. విదాకు పట్టిక ముందు ఏడవొద్దని చెప్పు. ఇలాంటి రోజు కోసమే కదా ఆ ఎర్ర గడి. చేతికి డబ్బు రాగానే కొత్త మొక్కలు, రెండేళ్ళలో మళ్ళీ నిలబడతాం.

స్తానా పిన్ని కూడా చేయించే ఉంటుంది కదా, నిన్ను చూసి? తోట అమ్మొద్దని చెప్పు. ఆవిడ దరఖాస్తు కూడా నేనే నింపుతాను.

జాగోర్కా

*

లూగ్,
జూలై

అక్కా,

బీమా లేదు.

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. రోజూ కాగితం తీసి పెన్ను పట్టుకుని, పక్కన పెట్టేశాను. తోటలో కొమ్మలు కత్తిరించేశాను. ఎవరూ రారు కదా చూడడానికి, ఎందుకు ఉంచడం?

మార్చిలో వెళ్ళాను. డబ్బు జేబులో పెట్టుకునే అరిలియె పట్నానికి వెళ్ళాను, దేవుడి మీద ఒట్టు. బీమా ఆఫీసు ఎదురుగా, రోడ్డుకు ఇవతల నిలబడ్డాను. ఆఫీసు పక్కనే ఓబ్రాద్ ట్రాక్టరు ఆగి ఉంది. వాడు ఏ రొట్టె కొనడానికో వచ్చి ఉంటాడు. కానీ నేను ఆ తలుపు తీయడం వాడు చూస్తే సాయంత్రానికి కఫానాలో ఏమవుతుందో నా కళ్ళకు కట్టింది. "అరే, రాకెట్లోడు సంతకం పెట్టాడ్రోయ్!" అన్న కేక కూడా వినపడింది, నా చెవులకు! వెనక్కి తిరిగి ఎరువుల కొట్లోకి వెళ్ళి, అక్కర్లేని ఎరువు కొనుక్కుని ఇంటికొచ్చాను.

రాకెట్లు చాలవని నాకు తెలుసు. నువ్వు చెప్పకముందు నుంచీ తెలుసు. గొట్టాల పక్కన నిలబడేవాణ్ణి నేను, ఎన్నిసార్లు పేల్చాక కూడా రాళ్ళు పడ్డాయో నేను చూశాను. ఊరివాళ్ళ ముందు ఆ మాట ఒప్పుకోవడానికి సిగ్గేసింది. అంతే అక్కా, ఇంకో కారణం లేదు.

ఇంకా చెప్పాల్సింది ఉంది. ఏప్రిల్లో స్తానా పిన్ని వంతెన దగ్గర ఆపి మళ్ళీ అడిగింది. "నువ్వు చేయించావట్రా? చేతిలో కాస్త డబ్బుంది, నువ్వు చేయిస్తే నేనూ చేయిస్తా" అంది. నేను నవ్వి, "రాకెట్లు నా చేతిలో ఉండగా నీకెందుకు పిన్నీ ఆ ఖర్చు?" అన్నాను. ఆవిడ ఆ డబ్బుతో ఇంటికప్పు పెంకులు మార్పించింది. ఎర్రటి కొత్త పెంకులు. మా కిటికీలోంచి కనిపిస్తాయి. విదా ఆ కిటికీకి తెర వేసేసింది.

మా ఊళ్ళో ఒక్క ఇల్లూ చేయించలేదు. అందరూ నన్నే చూశారు. ఏటి అవతలి ఊరికి బీమా వాళ్ళ కార్లు వచ్చాయి, మా వైపు ఒక్కటీ రాలేదు. ఎవరూ నన్నేమీ అనడం లేదు. దారిలో కనిపిస్తే భుజం తట్టి, "నువ్వేం చేస్తావులే" అంటున్నారు. తిడితే బాగుండును. విదాకు అంతా చెప్పాను. కూర వడ్డిస్తుంది, మాట్లాడదు.

స్తానా పిన్ని సీసా గుడిసెలో ఖాళీ అరలో పెట్టాను. మూత తీయలేదు.

మిలిసావ్

*

నోవీసాద్,
జూలై

మిలిసావ్‌కు,

రెండుసార్లు రాసి చింపేశాను. రాసిందంతా తిట్లే.

నా పరువు తీశావు. నూరు మంది ముందు నిలబడి "నా తమ్ముడు" అన్నాను. ఎన్ని ఊళ్ళలో అన్నానో కూడా గుర్తులేదు. విదా కాగితాన్ని జాగ్రత్తగా పెట్టిందట! ఏ మొహంతో రాశావురా ఆ మాట?

ఇప్పుడు ఇంతకన్నా రాయలేను.

జాగోర్కా

*

నోవీసాద్,
సెప్టెంబరు

తమ్ముడూ,

నువ్వు రాయలేదు. నేనలా రాశాక ఎలా రాస్తావులే.

నిన్న నా ఆఫీసుకు ఒకావిడ వచ్చింది. డాన్యూబ్ నది ఒడ్డున నల్లమట్టిలో ఆప్రికాట్లు పండిస్తుంది. జూన్ ఆఖర్లో వాళ్ళ ఊళ్ళోనూ వడగళ్లు పడ్డాయట. నా సభలో విని బీమా చేయించుకుందట. డబ్బు వచ్చింది, చెట్లు మిగిలాయి, పిల్ల చదువు ఆగలేదు. మూడుసార్లు నా బుగ్గలు ముద్దుపెట్టుకుని, ఒక పెట్టె నిండా జామ్ సీసాలు బల్ల మీద పెట్టి, "ఇవి మీకు కాదు, మీ తమ్ముడికి. ఆ రాకెట్లాయనకు. ఆయన చేయించాడని విన్నాకే మా ఆయన ఒప్పుకున్నాడు" అంది.

నేను "పంపిస్తానమ్మా" అన్నాను. తల కొట్టేసినట్టయింది. నిన్ను నమ్మిన వాళ్ళు అక్కడ మునిగారు. నువ్వని నేను కల్పించిన మనిషిని నమ్మిన వాళ్ళు ఇక్కడ తేలారు. ఆ సీసాల ముందు కూర్చుని ఎవరి కోసం సంతోషించాలో తెలియక ఏడ్చాను.

ఇక నా సంగతి. జూలైలో నీ మీద అంత ఎగిరాను కదా. నేనొక మాట దాచాను. నువ్వు మేలో "కాగితం దొరకగానే పంపుతాను" అని రాసినప్పుడే నాకు అనుమానం వచ్చింది. ఉద్యోగంలో ఈ మాట రోజూ వింటాను, దీని అర్థం నాకు తెలుసు. ఇంకెవరైనా అయితే మర్నాడే బస్సెక్కి వెళ్ళి కాగితం చూపించమనేదాన్ని. అప్పటికింకా నెల రోజుల గడువుంది, నీకూ స్తానా పిన్నికీ కూడా. నేను అడగలేదు. అడిగితే నువ్వు లేదంటావు. లేదంటే సభల్లో ఆ మాట చెప్పలేను. ఆ మాటకు జనం చప్పట్లు కొడుతున్నారు, మా డైరెక్టరు పిలిచి మెచ్చుకున్నాడు. అందుకే కళ్ళు మూసుకున్నాను.

నువ్వు కఫానా నవ్వుకు భయపడ్డావు, నేను హాలు చప్పట్లకు ఆశపడ్డాను. నిన్ను తిట్టే అర్హత నాకెక్కడిది? చదువుకున్నదాన్నని ఇంతకాలం నీకు బుద్ధులు చెప్పాను. సిగ్గుగా ఉంది.

మన ఇంటి దేవుడి పండుగకు, స్లావాకు, నేను రాలేనేమో. ఆఫీసులో పనుంది.

జాగోర్కా

*

లూగ్,
నవంబరు, మన స్లావా అయిన మర్నాడు

అక్కా,

నువ్వు రాలేదు. పని కాదని నాకు తెలుసు. నేనూ నీ స్థానంలో ఉంటే ఏదో పనే చెప్పేవాణ్ణి.

ఇంటి దేవుడి పండుగకు ఎవరినీ పిలవం కదా, గుర్తున్నవాళ్ళు వాళ్ళే వస్తారు. ఈ ఏడు ఎవరూ రాకూడదని దేవుణ్ణి వేడుకున్నాను. అందరూ వచ్చారు. ఓబ్రాద్ వచ్చాడు, స్తానా పిన్ని వచ్చింది, పంట పోయి చేతులు ఖాళీగా ఉన్న ఊరంతా వచ్చింది. విదా రొట్టె చేసింది, తీపి గోధుమలు వండింది, క్యాబేజీ చుట్టలు, పంది మాంసం, ఏ లోటూ చేయలేదు. దీపం వెలుగుతోంది. ఇంటి యజమాని స్లావా రోజు కూర్చోకూడదు కదా, నేను నిలబడి అందరికీ పోస్తున్నాను.

స్తానా పిన్ని గ్లాసెత్తింది. "మన కోసం ఆకాశంతో కొట్లాడినోడు చల్లగా ఉండాలి" అంది. అందరూ గ్లాసులెత్తారు. నా చేతిలో కూజా ఉంది. అది కింద పెట్టి చెప్పేశాను.

"పిన్నీ, ఆ గ్లాసు దించు. రాకెట్ల మీద నమ్మకముండి నేను బీమా మానేశాననుకుంటున్నారు మీరంతా. నాకు నమ్మకం లేదు, ఎప్పుడూ లేదు. మా అక్క చలికాలంలోనే రాసింది. డబ్బు పట్టుకుని ఆఫీసు దాకా వెళ్ళా. మీరు నవ్వుతారని సిగ్గేసి తిరిగొచ్చేశా. వంతెన కాడ నీకు చెప్పింది అబద్ధం పిన్నీ."

ఓబ్రాద్ మొహం ఎర్రబడింది. "అంటే నా నోటి వల్లే ఊరు మునిగిందంటావా?" అన్నాడు.

"కాదురా. నేను నోరు విప్పకపోవడం వల్ల."

వాడు టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు. వాడి వెనక ఇంకొందరు. గ్లాసులు సగంలోనే ఉన్నాయి. కాసేపటికి బల్ల దగ్గర స్తానా పిన్ని ఒక్కతే మిగిలింది. చెంచాతో తీపి గోధుమలు నెమ్మదిగా తింటోంది. నేను కూర్చుందామని కుర్చీ వైపు చెయ్యి చాపాను.

"నిలబడే ఉండు" అంది. "నేనింకా లేవలేదు. ఆ పెంకులు ఎంత బాగున్నాయిరా! చుక్క కారదు. ఆ కప్పు కింద కూర్చుని ఏం తినాలో నువ్వే చెప్పు."

విదా పొయ్యి దగ్గర నిలబడి ఏడుస్తోంది. పిన్ని ఇంకో క్యాబేజీ చుట్ట పళ్ళెంలో వేసుకుంది, ఇంకో గ్లాసు పోయించుకుంది. చీకటి పడేదాకా కూర్చుంది అక్కా. నన్ను ఒక్క క్షణం కూర్చోనివ్వలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం గుమ్మంలో ఆగి, "నేనూ అందరితో పాటు లేచి వెళ్ళిపోయుంటే నీకు తేలికైపోయేది" అంది. తర్వాత, "మీ అక్కని నా తోటకి కూడా ఓ లెక్క వేసివ్వమను. ఎర్ర పెన్సిలుతో దిద్దమను. ఈసారి నేనే చదువుకుంటా, నీ మొహం చూసి కాదు" అంది.

ఆవిడ పోయాక నేను నేల మీద కూర్చుండిపోయాను. విదా వచ్చి పక్కన కూర్చుంది. జూలై తర్వాత నిన్ననే నాతో మాట్లాడింది. "చెప్పావు" అంది, అంతే.

మిలిసావ్

*

నోవీసాద్,
జనవరి

తమ్ముడూ,

స్తానా పిన్ని తోట పట్టికా, తిరగరాసిన నీ పట్టికా దీనితో పంపుతున్నాను. నీ తోటలో వేళ్ళ నుంచి లేచే కొత్త పిలకలు తీసుకుని నాటితే మూడో ఏటికి నిలదొక్కుకుంటుంది. ఆ పిలకలు ఊరికే ఇస్తానంటే ఆవిడ తీసుకోదు, తెలుసు. పంట వచ్చాక తిరిగి పిలకలే ఇచ్చేట్టు రాశాను. ఈ రెండేళ్ళూ నీ పై తోట పనులకు కూలికి రమ్మను, అది కూడా లెక్కలో వేశాను. ఊరంతా కలిసి చేయిస్తే బీమా తక్కువకు వస్తుంది.

రెండు పట్టికల్లోనూ చివర ఒక కొత్త వరస చేర్చాను, చూడు. ఇన్నేళ్ళుగా ధర పడిపోవడం, మంచు, వడగళ్లు, నడుము, అన్నిటికీ గడులు గీశాను. నలుగురూ ఏమనుకుంటారో అన్న భయానికి గడి గీయలేదు. మీ ఊరి రెండేళ్ళ పంటను తీసుకుపోయింది అది. దాని పక్కన ఎంత పోతుందో రాశాను. తేరుకోవడానికి ఎన్నేళ్ళు పడుతుందో నాకు తెలియలేదు. ఖాళీగా వదిలేశాను.

సభలు మళ్ళీ మొదలవుతున్నాయి. ఆ మాట ఇక చెప్పను. చెప్పకపోతే సగం మంది నిద్రపోతారు, పోనీ. ఆప్రికాట్లావిడకు నిజం రాశాను. జామ్ వెనక్కి పంపమంటుందేమోనని భయపడ్డాను. "అయితే ఇంకో పెట్టె పంపుతాను, పాపం ఆయనకు" అని జవాబు రాసింది. రెండు పెట్టెలూ నీకు బస్సులో పంపిస్తున్నాను.

ఒక్క మాట అడగనా? జరిగింది జరిగినట్టు సభల్లో చెప్పొచ్చా? పేరు చెప్పను. వద్దంటే నోరెత్తను.

జాగోర్కా

*

లూగ్,
ఏప్రిల్

అక్కా,

జామ్ ఊరంతా పంచాను. ఓబ్రాద్ రెండు సీసాలు తీసుకుని, ఇంకా మాట్లాడను అన్నట్టు మొహం పక్కకు పెట్టాడు.

పోయిన వారం అరిలియెకు వెళ్ళి సంతకం పెట్టి వచ్చాను. ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి రాకెట్ల గుడిసె తలుపుకు మేకులతో కొట్టాను. తోటలకు వెళ్ళే దారి అదే కదా, అందరికీ కనిపించాలని. ఆదివారం ఏజెంటును అక్కడికే పిలిపించాను. గుడిసె ముందు చిన్న బల్ల వేశాం. ఊరు వచ్చింది గానీ బల్ల దగ్గరికి ఎవరూ రారు. చేతులు కట్టుకుని నిలబడ్డారు.

ఓబ్రాద్ తలుపు మీది కాగితాన్ని చదివాడు. చదవడం అయ్యాక వెనక్కి తిరిగి, అందరికీ వినపడేలా, అచ్చం పోయిన ఏడు కఫానాలో అడిగినట్టే అడిగాడు. "ఏరా మిలిసావ్, నీ రాకెట్ల మీద నీకే నమ్మకం లేదా?"

"లేదు" అన్నాను.

ఆ ఒక్క మాట అక్కా. ఆ రోజు అని ఉంటే సరిపోయేది.

ఎవరూ నవ్వలేదు. ఓబ్రాద్ గుడిసెలోని రాకెట్ల వైపు చెయ్యి చూపించి, "మరి ఇవెందుకురా పేల్చడం?" అన్నాడు, గొంతు తగ్గించి. "అవీ కావాలి, ఇదీ కావాలి" అన్నాను. అప్పటికే స్తానా పిన్ని అందరినీ తోసుకుంటూ బల్ల దగ్గరికి వచ్చి, పెన్ను ఎక్కడుందని కేకలేస్తోంది. ఆవిడ చంకలో నీ పట్టిక ఉంది. సంతకం పెట్టాక నా వైపు చూడలేదు, గుడిసెలోకి తొంగి చూసింది. అరలో సీసా కనిపించింది. "ఇంకా తాగలేదా?" అంది. లేదన్నాను. "ఉంచు. తాగే రోజు నేను చెప్తా" అంది. ఓబ్రాద్ ఆఖరున పెట్టాడు, తిట్టుకుంటూ.

నీ పట్టికలో ఖాళీగా వదిలేసిన గడి గోడ మీద రోజూ చూస్తున్నాను. నాకూ తెలియడం లేదు.

సభల్లో చెప్పొచ్చా అని అడిగావు. వద్దు, నువ్వు చెప్పకు. మే నెలలో నీ సభ ఏ రోజో, ఎక్కడో రాయి, నేను వస్తాను. నేనే చెప్తాను, పేరుతో సహా. ముందు వరసలో ఒక కుర్చీ వేయించు. ప్రశ్నలడిగేవాళ్ళను కాస్త గట్టిగా అడగమను, నాకు చెవులు సరిగా వినపడవు కదా.

నీ తమ్ముడు
మిలిసావ్